తుపాకిలో పోసిన పాలు

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, డైరీలో కూడా రాయలేదు. మా నాన్న తుపాకి గొట్టాల్లో నేను నలభై ఒక్క రోజులు పాలు పోశాను.

నాన్నకు పక్షవాతం వచ్చిన ఏడాది నేను ఇంటర్ మొదటి సంవత్సరంలో ఉన్నాను. ఆయనకు కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దముద్దగా వచ్చేది, సగం అర్థమయ్యేది కాదు. సరూర్‌నగర్ పాత ఊళ్లో ప్రతి దసరాకు జమ్మి దగ్గర తుపాకి పేల్చేది ఆ కుడిచేత్తోనే. అది తాత దగ్గర నుంచి వచ్చిన రెండు గొట్టాల తుపాకి. మైదానంలో పాతిన జమ్మికొమ్మకు పూజ అయ్యాక నాన్న గాల్లోకి ఒక్కసారి పేల్చేవాడు. ఆ చప్పుడు వినపడ్డాకే ఊరివాళ్లు ఆకు తెంపాలి. తాత కాలం నుంచి అదే పద్ధతి. చుట్టూ కాలనీలు, అపార్ట్‌మెంట్లు లేచి, ఊరు ఎక్కడ మొదలవుతుందో ఎక్కడ ముగుస్తుందో తెలియకుండా పోయాక కూడా ఆ ఒక్క పద్ధతి మిగిలింది.

ఆ ఏడాది ఆయుధపూజ నాడు నాయనమ్మ తుపాకికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, “మొక్కుకో బిడ్డా, మీ నాయిన చెయ్యి లేవాల్నని” అంది. ఆమె చెప్పింది అంతే. మిగతాది నా సొంత ఆలోచన. మర్నాటి నుంచి ఆమె స్నానానికి వెళ్లినప్పుడు తుపాకిని దేవుడి గది మూలన నిటారుగా నిలబెట్టి, శివుడి అభిషేకానికి తీసిన పాలలోంచి ఒక్కో గొట్టంలో ఒక్కో ఉద్ధరిణె పోసేదాన్ని. పైన కారినది పాత కొంగుగుడ్డతో తుడిచి, ఆకుపచ్చ సంచీలో పెట్టేసేదాన్ని. నలభై ఒక్క రోజులు ఒక్కరోజు కూడా తప్పలేదు. నాన్న చెయ్యి లేవలేదు. అలాగే ఇంకో మూడేళ్లు బతికి, పోయాడు.

అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. నాన్న పోయాక ఆ ఇంట్లో నేనూ నాయనమ్మా మిగిలాం. ఆమెకు చెవులు సరిగా వినపడవు. ఇక నాతో మాట్లాడే మనిషి అంటే కాక, నాన్న తమ్ముడు. చంపాపేటలో వేరే కాపురం. రోజూ పొద్దున ఒకసారి బండి మీద వచ్చి, నాయనమ్మకు మాత్రలు ఇచ్చి, నాతో పది నిమిషాలు మాట్లాడి వెళ్లేవాడు. నేను చదువుతానని తెలుసు కాబట్టి దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కనపడితే పేర్లు కూడా చూడకుండా లావుగా ఉన్నవి ఏరుకొచ్చేవాడు. ఒకసారి మూడు నవలల మధ్య పశువైద్యం పుస్తకం కూడా వచ్చింది.

“చదివినవా బిడ్డా గది?” అని వారం తర్వాత అడిగాడు.

“గేదెలకు జ్వరం వస్తే ఏం చెయ్యాలో ఉంది కాక.”

“నేర్సుకో. మీ కాకికి పనికొస్తది” అని తనే నవ్వాడు. కాకి అంటే పిన్ని. నేనూ నవ్వాను. ఆ రోజు నేను నవ్వింది అప్పుడొక్కసారే అని డైరీలో రాసుకున్నాను.

డిగ్రీ కాలేజీలో నా పక్కన రెండేళ్లు కూర్చున్న అమ్మాయి కోస్తా వాళ్లమ్మాయి. ఉద్యమం ముదిరాక మేమిద్దరం గొడవేమీ పడలేదు. ఒక సోమవారం ఆమె ముందు బెంచీలోకి మారింది. ఎందుకని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. అడగడం నాకు రాదు. క్లాసులో హాజరు పలికినప్పుడు తప్ప నా గొంతు నాకే వినపడని రోజులు చాలా ఉండేవి.

నాన్న పోయాక తుపాకిని స్టేషన్‌లో అప్పగించాం. లైసెన్సు తన పేరు మీదికి మార్పించుకోవాలని కాక అనుకున్నాడు. కానీ రైలు పట్టాల మీద కూర్చున్నందుకు, రోడ్డు మీద వంటావార్పు చేసినందుకు అతని మీద అప్పటికే కేసులున్నాయి.

“నాకియ్యరు. ఉద్యమం చేసెటోనికి తుపాకి ఎవడిస్తడు?” అన్నాడు. “నీకు ఇరవై ఒకటి నిండినయి గద. వారసురాలివి. నీ పేరు మీద తీస్కుందాం. పేరు నీది, చెయ్యి నాది.”

చీమ కనపడితే పక్కకు జరిగి నడిచే నా పేరు మీద అలా తుపాకి లైసెన్సు వచ్చింది. అందరూ పనులు మానేసి కూర్చున్న పెద్ద సమ్మె ముగిసిన మరుసటి ఏడాది అది. దసరాకు ఇంకా పది రోజులున్నాయి.

“అన్న మంచం పట్టినప్పటి నుంచి జమ్మి కాడ చప్పుడు లేదు. ఊరోళ్లు అడుగుతున్రు” అన్నాడు కాక. “ఈసారి రెండు గొట్టాలూ పేలుస్త. ఒకటి అన్న పేరు మీద, ఒకటి తెలంగాణ పేరు మీద.”

పేల్చే ముందు ఒకసారి చూపించాలని ఎల్బీ నగర్ తీసుకువెళ్లాడు. అక్కడ ఒక కాలనీలో, పోలీసు ఆయుధాల మరమ్మతు విభాగంలో పనిచేసి రిటైరైన ముసలాయన ఉండేవాడు. కృష్ణా జిల్లా నుంచి వచ్చి ముప్పై ఏళ్లుగా ఇక్కడే ఉంటున్నాడు. నాన్న ఆరోగ్యంగా ఉన్నన్నాళ్లూ ఏడాదికోసారి ఆయన దగ్గరికే తీసుకెళ్లి శుభ్రం చేయించేవాడు. ఆయన వరండాలో చాప పరిచి, తుపాకిని మధ్యకు విరిచి, గొట్టాలు విడదీసి, ఒక కన్ను మూసి ఎండకేసి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత రెండో గొట్టం. తర్వాత మళ్లీ మొదటిది.

“ఇది పేల్చకండి” అన్నాడు.

“ఎందుకు సార్?” అన్నాడు కాక.

“తూటా కూర్చునే చోట లోపలంతా గుంటలు పడ్డాయండి. గోడ పల్చబడిపోయింది. పేలిస్తే ముందుకు పోవాల్సింది పక్కకు రావచ్చు. గొట్టం కింద మీ ఎడమ చెయ్యి ఉంటుంది, పైన మీ మొహం ఉంటుంది.”

“స్టేషన్‌ల పెట్టినప్పుడు జర తుప్పు పట్టి ఉంటది. గీకేస్తె పోతది.”

“గాలికి పట్టే తుప్పు ఇలా ఉండదండీ, అది పైపైనే ఉంటుంది. ఇది లోపల తడి నిలవుంటే వచ్చింది.” ఆయన గొట్టాన్ని ఒళ్లో పెట్టుకుని, “దసరా పూజకి ఎవరైనా పాలో కొబ్బరినీళ్లో పోశారా? కొన్ని ఇళ్లల్లో పోస్తుంటారు, చూశాను” అని అడిగాడు.

“మా ఇంట్ల గసొంటి పని ఎవరు చేస్తరు సార్?” అని కాక నవ్వాడు. “మా పిల్ల కెమిస్ట్రీ చదువుతున్నది. అడుగుండ్రి.”

ముసలాయన నావైపు చూశాడు. నేను చాప అంచు చూస్తూ కూర్చున్నాను. ఒక్క మాట చెప్తే సరిపోయేది. పాలు పులిస్తే ఏమవుతాయో, ఆ పులుపు ఇనుమును ఏం చేస్తుందో పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. అక్కడే కూర్చుని ఉండగా ఇంకొకటి గుర్తొచ్చింది. ఆ నలభై ఒక్క రోజుల్లో ఒక రోజు దేవుడి గది తలుపు తెరిచి ఉండిపోయింది. మంచం మీంచి నాన్న చూశాడు. ఎడమ చెయ్యి గట్టిగా ఊపుతూ ఏదో అన్నాడు. కళ్లవెంట నీళ్లు కారాయి. నా భక్తికి సంతోషిస్తున్నాడనుకుని, ఆ రోజు ఇంకో ఉద్ధరిణె ఎక్కువ పోశాను. వద్దని అరిచాడని ఎల్బీ నగర్ వరండాలో, ఐదేళ్ల తర్వాత అర్థమైంది.

కాక తుపాకి ముక్కలు సంచీలో పెట్టుకున్నాడు. మెడలో ఉద్యమం కండువాతో గుమ్మం దగ్గర ఆగి, “మీరు అట్లనే అంటరు సార్” అన్నాడు. “తెలంగాణ పేరు మీద పేలుస్త అంటె మీకు గుంటలే కనపడ్తయి.”

“నేను గొట్టం చూశానండి. మీ కండువా చూడలేదు” అన్నాడు ముసలాయన. లోపల గదిలోంచి ఆయన భార్య వచ్చి, మమ్మల్ని చూసి, మళ్లీ లోపలికి వెళ్లిపోయింది.

దారిలో బండి మీద కాక వెనక్కి తిరిగి అన్నాడు: “చూసినవా, ముప్పై ఏండ్లు మన నీళ్లు తాగిండు. మన తుపాకి పేలుతదంటె ఒప్పుకోడు.”

“ఆయన అబద్ధం చెప్పలేదేమో కాక” అన్నాను. బండి చప్పుడులో అది అతనికి వినపడలేదు. వినపడేంత గట్టిగా నేను అనలేదు.

మూడు రోజులు కాక రాగానే చేతులే చూసేదాన్ని. మాత్రల అట్ట చింపే వేళ్లు, బండి తాళం తిప్పే వేళ్లు. నిజం చెప్పాలని ఉత్తరం రాశాను. డైరీలోంచి కాగితం చింపి, “కాకా, ఆ పాలు పోసింది నేనే” అని మొదలుపెట్టి, తర్వాతి వాక్యం రాయలేక మడిచి దాచాను. చెప్తే తాత తుపాకిని పాడుచేసింది నేనని తెలుస్తుంది. అంతకన్నా, పాలు పోస్తే నాన్న చెయ్యి లేస్తుందని నేను నిజంగా నమ్మానని తెలుస్తుంది. రెండోదానికే ఎక్కువ సిగ్గుపడ్డాను. తిడితే పడొచ్చు. జాలిపడి నా తల మీద చెయ్యి పెడతాడేమోనన్న ఆలోచనే భరించలేకపోయాను.

నాలుగో రోజు మా ఇంట్లోనే ఉన్న తుపాకి గొట్టాలూ చెక్కపిడీ విడదీసి, చాపలో చుట్టి, లైసెన్సు పుస్తకం సంచీలో వేసుకుని ఒక్కదాన్నే బయలుదేరాను. ఉద్యమ సభలకు పోలీసు బందోబస్తు పెడుతున్న రోజులవి. కాక ఎక్కడ ఏ సభకు పోయాడో, ఆ రోజు రాలేదు. నాయనమ్మకు లైబ్రరీకి అని చెప్పాను. ఆమె “బట్టలు ఆరేసినవా?” అంది.

ఎల్బీ నగర్ చౌరస్తాలో ఆటోలు ఆపుతున్నారు. ఒక కానిస్టేబుల్ తల లోపలికి పెట్టి నా ఒళ్లోని చాప చూశాడు.

“ఏందమ్మా అండ్ల?”

నాకు అబద్ధం తోచదు. “తుపాకి” అన్నాను.

అతను నన్ను పైనుంచి కిందికి చూశాడు. కళ్లద్దాలు, రెండు జడలు, ఒళ్లో చాప. పగలబడి నవ్వాడు. పక్కనున్న ఇంకొకతన్ని పిలిచి, “అన్నా, ఇగో, గీ పిల్లకాడ తుపాకి ఉన్నదంట” అన్నాడు. ఆయనా నవ్వి, “పోనియ్యి, పోనియ్యి. మనమీద కాలుస్తది” అన్నాడు. సంచీలోంచి లైసెన్సు పుస్తకం సగం తీసిన చెయ్యి అలాగే ఉండిపోయింది. ఆటో కదిలింది. పక్కన కూర్చున్న ఆవిడ, “మంచిగ చెప్పినవ్ బిడ్డా” అని నా మోకాలు తట్టింది. నేను నిజం చెప్పినప్పుడు కూడా ఇంతే అవుతుంది కాబోలు అనుకున్నాను.

ముసలాయన నన్ను చూసి ఆశ్చర్యపోయాడు. మజ్జిగ ఇప్పించాడు. తర్వాత మెల్లగా అడిగాడు: “లైసెన్సు ఎవరి పేరునుందమ్మా?”

“నా పేరునండి.”

“అయితే నువ్వే చెప్పాలి. రెండు దార్లున్నాయి. ఒకటి, దీన్ని ఊరవతల చెట్టుకు కట్టేసి, దూరం నుంచి తాడుతో లాగి పేల్చి చూడటం. నిలబడితే మీ బాబాయిగారు నమ్మొచ్చు, నేనే తప్పని. పగిలితే నా మాట నమ్ముతారు. కానీ మీ నాన్నగారి తుపాకి ఇక ఉండదు. రెండోది, లోపల తూటాను కొట్టే పిన్నులు రెండుంటాయి. అవి తీసేస్తాను. చూడటానికి ఇలాగే ఉంటుంది. పేలదు.”

చాప మీద చెక్కపిడి పడుకుని ఉంది. దాని మీద ఒకచోట రంగు పోయి, నున్నగా, వెలిసిపోయి ఉంది. తాత చెంప, తర్వాత నాన్న చెంప ఆనించిన చోటు. నా వేలు అక్కడ పెట్టి చూశాను. నాన్నవి ఫొటోలు తక్కువ. ఉన్నవాటిలో కూడా పెళ్లి బట్టల్లో బిగుసుకుపోయి ఉంటాడు. ఈ మచ్చలో అలా లేడు. చెట్టుకు కట్టి పేల్చి చూస్తే కాక నమ్ముతాడు, నాతో ఎప్పట్లా మాట్లాడతాడు. పిన్నులు తీస్తే తుపాకి మిగులుతుంది. ఇది చాలాసేపు ఆలోచించాల్సిన విషయం. నేను ఎక్కువసేపు ఆలోచించలేదు.

“తీసేయండి” అన్నాను.

సన్నని పనిముట్టుతో ఆయన పావుగంటలో తీశాడు. రెండు చిన్న ఉక్కు ముక్కల్ని అగ్గిపెట్టెలో వేసి నా చేతికిచ్చాడు. “గొట్టంలో ఏం పోశారో, ఎవరు పోశారో నేనడగనమ్మా. కానీ ఇది మాత్రం మీ బాబాయిగారికి ముందే చెప్పు. మగాడు పదిమందిలో చిన్నబోతే మర్చిపోలేడు.”

చెప్తానన్నాను. నిజంగానే చెప్దామనుకున్నాను. మర్నాడు కాక వచ్చినప్పుడు ఫోన్ మాట్లాడుతూనే వచ్చి, మాట్లాడుతూనే వెళ్లాడు. తర్వాతి రోజు నా లైసెన్సు పుస్తకం తీసుకెళ్లి తూటాలు తెచ్చాడు. డబ్బా నా ముందు పెట్టి, “చూడు, కొత్తవి” అని చిన్నపిల్లాడిలా మెరిసే కళ్లతో చూపించాడు. ఆ కళ్లు చూసి, చెప్పకుండానే డబ్బా మూత పెట్టి తిరిగిచ్చాను. పేలదు కదా, ప్రమాదం లేదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. చెప్పకపోవడంలో ఇంకో ప్రమాదం ఉందని ముసలాయన చెప్పినా చెవికెక్కలేదు.

దసరా సాయంత్రం మైదానం నిండింది. లైసెన్సు నాది కాబట్టి పక్కనే ఉండాలని కాక నన్నూ తీసుకెళ్లాడు. బతుకమ్మ ఆడిన ఆడవాళ్లు పట్టుచీరలతో ఒకవైపు, మగవాళ్లు ఒకవైపు. జమ్మికొమ్మకు పూజ అయింది. కాక తలకు రుమాలు చుట్టి, మెడలో ఉద్యమం కండువా సర్దుకుని, తూటాలు వేసి, తుపాకిని ఆకాశానికి ఎత్తాడు. “జై తెలంగాణ” అన్నాడు. అందరూ అన్నారు. ఆడవాళ్లు పిల్లల చెవులు మూశారు.

టక్.

కాక రెండో మీట నొక్కాడు. మళ్లీ టక్.

కాక తుపాకి విరిచి, తూటాలు తీసి చూసి, వేరేవి వేసి, మళ్లీ ఎత్తాడు. అదే చప్పుడు. ఊళ్లో పెద్దాయన ఒకడు అమాయకంగా, “ఇగ తెంపుదమా, ఒద్దా?” అని అడిగాడు. వెనక ఎవరో గట్టిగా అన్నారు: “జర ఓపిక పట్టుండ్రి. తెలంగాణ లెక్కనే గిది. ఇగొస్తది, అగొస్తది!”

మైదానమంతా నవ్వింది. ఇంకెవరో లక్ష్మీబాంబు వెలిగించి పేల్చారు. ఆ చప్పుడుకు జనం కేకలు వేస్తూ జమ్మి మీద పడ్డారు. కాక తుపాకిని సంచీలో పెడుతుంటే జిప్పు పట్టలేదు. మూడుసార్లు లాగాడు. సాయం చేద్దామని ముందుకు వంగాను. సంచీ నా చేతికి అందకుండా భుజానికి తగిలించుకుని జనంలోకి నడిచిపోయాడు. ఆ రాత్రి నాయనమ్మకు జమ్మి ఆకు పెట్టి దండం పెట్టడానికి రాలేదు. పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ తప్పలేదట. ఆమె చేతులు కడుక్కుని పది దాకా కూర్చుంది.

మర్నాడు పొద్దున వచ్చాడు. మాత్రల కవరు గడప మీద పెట్టాడు. తుపాకి సంచీ బల్ల మీద పెట్టాడు. కూర్చోలేదు.

“రాత్రి విప్పి చూసిన. పిన్నులేడివి బిడ్డా?”

లోపలికి వెళ్లి అగ్గిపెట్టె తెచ్చి ఇచ్చాను. తెరిచి చూసి, మూసి, నా చేతికే తిరిగి ఇచ్చాడు.

“ఎవరు తీసిన్రు? ఆయననా?”

“ఆయనే కాక. నేనే తీయమన్నాను.”

“ఎందుకు?”

చెప్పాల్సిన సమయం అదే. ఆ ఒక్క వాక్యం చెప్పి ఉంటే ముసలాయన నిజం చెప్పాడని తేలేది, నేను ఎందుకు భయపడ్డానో తెలిసేది, కాక కోపం ఒక గంటలో దిగిపోయేది. దాచిన ఉత్తరం పక్క గదిలోనే, పశువైద్యం పుస్తకంలో ఉంది.

“భయమైంది” అన్నాను.

“నాకు చెప్పరాదు? రోజొస్త గద ఇంటికి. రోజు నీ ముఖం చూస్త గద. నేను ఊరందరి ముంగట బేవకూఫ్ అయ్యేదాకా చూసుకుంట నిలవడ్డవ్.” గొంతు పెంచలేదు. “ఆంధ్రాయన మాట ఇన్నవ్. కాకకు ఒక్క మాట చెప్పబుద్ధి కాలే నీకు.”

“వచ్చినవా కొడుకా? చాయ తాగుతవా?” అని లోపల్నుంచి నాయనమ్మ అడిగింది.

కాక వాకిట్లోకి దిగి బండి ఎక్కాడు. నేను గేటు దాకా వెళ్లాను. హ్యాండిల్ పట్టుకున్న చేతుల వేళ్లు పది, అన్నీ ఉన్నాయి. అవే చూస్తూ నిలబడ్డాను. తర్వాత రాష్ట్రం వచ్చింది. వచ్చిన రోజు ఊరంతా రంగులు చల్లుకుంటుంటే కాక మా గేటు ముందు నుంచే ఊరేగింపులో పోయాడు. నాయనమ్మ మాత్రలు ఇప్పటికీ నెలకోసారి వస్తాయి, మెడికల్ షాపు మనిషి తెచ్చి ఇస్తాడు. ఎదురుపడితే కాక తల పక్కకు తిప్పుకోడు. చూస్తాడు, అంతే. మాట్లాడడు.

ఆ పొద్దున బండి స్టార్ట్ చేసి, కాళ్లతో వెనక్కి నెట్టుకుని, రోడ్డు వైపు తిప్పుకున్నాక, నావైపు చూడకుండానే అన్నాడు:

“గేటు ఏస్కో బిడ్డా, కుక్కలొస్తయి.”